పది విషపు కౌంటర్ల లెక్క: ఇన్‌ఫెక్ట్ డెక్ కూర్పు గురించి

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడేవాళ్లు డెక్‌లను (ఆడటానికి కట్టుకున్న కార్డుల కట్టలను) స్థూలంగా దూకుడువి, నిలువరించేవి, కాంబోలు అని విడదీసి మాట్లాడుకుంటారు. దూకుడు డెక్ చిన్న క్రీచర్లను (దాడి చేసే ప్రాణుల కార్డులను) వరుసగా దించి, ప్రతి వంతులోనూ ప్రత్యర్థి ప్రాణాన్ని కొంత కొంత తగ్గిస్తూ పోతుంది. కాంబో డెక్ ఏమీ పట్టనట్టు కూర్చుని, కావలసిన రెండు మూడు కార్డులు చేతికి రాగానే ఒక్క వంతులో ఆట ముగించేస్తుంది. ఈ రెండు స్వభావాలూ కలిసిన డెక్‌లను అగ్రో-కాంబో అంటారు. ఆ జాతిలో నాకు అన్నిటికన్నా నచ్చినది మోడర్న్ అనే ఫార్మాట్‌లోని (ఏ కార్డులు చెల్లుతాయో నిర్ణయించే ఆట పద్ధతిలోని) ఆకుపచ్చ, నీలం రంగుల ఇన్‌ఫెక్ట్ డెక్. దీన్ని కొత్తగా కట్టేవాళ్లలో ఎక్కువమంది ఎంత తొందరగా గెలవవచ్చో లెక్క వేసుకుని కార్డులు ఏరుకుంటారు. ప్రత్యర్థి మన క్రీచర్ మీద ఒక రిమూవల్ స్పెల్ (క్రీచర్‌ను తొలగించే మంత్రం కార్డు) వేసిన తర్వాత కూడా మూడో వంతులోనో నాలుగో వంతులోనో గెలవగలమా అన్నదే అసలు లెక్క అని, ప్రతి కార్డునూ ఆ లెక్కతోనే తూచాలని నా అభిప్రాయం.

ముందుగా, ఈ ఆటతో అంతగా పరిచయం లేనివారి కోసం రెండు మాటలు. ఆట మొదలయ్యేటప్పుడు ఒక్కొక్కరికి 20 ప్రాణ పాయింట్లుంటాయి. అవి సున్నా అయితే ఓటమి. దానితో సంబంధం లేని మరొక ఓటమి కూడా ఉంది: ఎవరికైనా 10 విషపు కౌంటర్లు (లెక్క గుర్తులు) చేరితే ప్రాణం ఎంత మిగిలి ఉన్నా వారు ఓడిపోయినట్టే. విషం 1994 నాటి లెజెండ్స్ సెట్ నుంచీ ఆటలో ఉన్నప్పటికీ, దాన్ని నమ్ముకుని గట్టి డెక్ కట్టే వీలు 2010లో స్కార్స్ ఆఫ్ మిర్రోడిన్ సెట్ తెచ్చిన ఇన్‌ఫెక్ట్ అనే గుణంతోనే కలిగింది. ఇన్‌ఫెక్ట్ ఉన్న క్రీచర్ ఆటగాడిని కొడితే ఆ దెబ్బ ప్రాణానికి తగలదు, విషపు కౌంటర్లుగా చేరుతుంది. మరొక క్రీచర్‌ను కొడితే ఆ దెబ్బ దాని బలాన్నీ, తట్టుకునే శక్తినీ ఒక్కొక్కటి తగ్గించే -1/-1 కౌంటర్లుగా మారుతుంది. అంటే 20 కొట్టవలసిన చోట 10 కొడితే చాలు, పైగా ప్రత్యర్థి ఎంత ప్రాణం పెంచుకున్నా మనకు పట్టదు. ఇందుకు బదులుగా ఇన్‌ఫెక్ట్ క్రీచర్లను బలహీనంగా ముద్రించారు. మన డెక్‌లో ప్రధానమైనవన్నీ 1/1లే, అంటే కొట్టే బలం ఒకటి, తట్టుకునే శక్తి ఒకటి.

పది అనే అంకె చుట్టూనే డెక్ అంతా తిరుగుతుంది. మొదటి వంతులో ఒక ఆకుపచ్చ మానాతో (కార్డులు వేయడానికి ల్యాండ్ కార్డులు ఇచ్చే శక్తితో) గ్లిసెనర్ ఎల్ఫ్ అనే ఇన్‌ఫెక్ట్ క్రీచర్ దిగిందనుకుందాం. రెండో వంతులో రెండు ల్యాండ్‌లున్నాయి. మైట్ ఆఫ్ ఓల్డ్ క్రోసా అనే స్పెల్‌ను మన వంతులో దాడి కాని భాగమైన మెయిన్ ఫేజ్‌లో వేస్తే +4/+4, ఆ వంతులోనే ల్యాండ్ దిగింది కాబట్టి గ్రౌండ్‌స్వెల్ +4/+4, మానాకు బదులు రెండు ప్రాణ పాయింట్లు చెల్లించి వేసే మ్యూటజెనిక్ గ్రోత్ +2/+2. ఎల్ఫ్ సొంత బలం ఒకటితో కలిపితే 11. ప్రత్యర్థి రెండో ల్యాండ్ దించకముందే ఆట ముగియవచ్చు. వినడానికి ఇది బాగుంటుంది గాని, ఇందుకు ఎల్ఫ్, రెండు ల్యాండ్‌లు, మూడు వేర్వేరు స్పెల్స్, మొత్తం ఆరు కార్డులు సరిగ్గా అవే కావాలి. ముందు ఆడేవారు రెండో వంతుకు చూసేది ఎనిమిది కార్డులు మాత్రమే. ఒకవేళ అవన్నీ వచ్చినా, ఎదుటివారి దగ్గర మూడు దెబ్బ కొట్టే లైట్నింగ్ బోల్ట్ స్పెల్ ఒకటి ఉంటే మైట్ గాలిలో, అంటే ఇంకా ఫలించకుండా, ఉండగానే ఎల్ఫ్ చనిపోతుంది. అప్పుడు పోయేది ఎల్ఫ్ ఒక్కటే కాదు, దానిమీద వేసిన స్పెల్స్ కూడా.

నిజానికి ఈ వేగం మీద ఆట నిర్వాహకులైన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ రెండుసార్లు వేటు వేశారు. 2011 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో జరిగిన మోడర్న్ మొదటి ప్రో టూర్ టోర్నమెంట్‌లో సామ్ బ్లాక్ అనే ఆటగాడు బ్లేజింగ్ షోల్ కార్డు ఉన్న నీలం ఇన్‌ఫెక్ట్ డెక్‌తో చివరి ఎనిమిది మందిలో నిలిచాడు. చేతిలోని ఒక ఎర్ర కార్డును ఆట నుంచి తీసేస్తే ఆ కార్డు ఖరీదు ఎంతో అంత బలాన్ని షోల్ క్రీచర్‌కు ఇస్తుంది. డ్రాగన్‌స్టార్మ్ ఖరీదు తొమ్మిది, క్రీచర్ సొంత బలం ఒకటి, సరిగ్గా పది. ఆ టోర్నమెంట్ ముగిసిన వెంటనే షోల్ నిషిద్ధమైంది. ఆ తర్వాత 2017 జనవరిలో గిటాక్సియన్ ప్రోబ్ పోయింది. రెండు ప్రాణాలిచ్చి ప్రత్యర్థి చేతిని చూసి, ఒక కార్డు తీసుకునే వీలు దానితో ఉండేది. సర్వం ఒడ్డి దాడి చేయాలా వద్దా అని ఆలోచించే డెక్‌లకు ఆ ఒక్క చూపే పెద్ద వరం. మూడో వంతులోనే ముగిసే ఆటలను అది పెంచుతోందన్నది నిషేధానికి చెప్పిన కారణం. అదే నెలలో వచ్చిన ఈథర్ రివోల్ట్ సెట్‌లో ఫేటల్ పుష్ అనే ఒక్క మానా రిమూవల్ కూడా దిగింది. ప్రత్యర్థి చేతిలో ఏముందో తెలిసే దారి మూసుకుపోయి, ఉండే రిమూవల్ మరింత చౌక అయినప్పుడు, వేగాన్నే నమ్ముకున్న పాత కూర్పు నిలబడదు.

క్రీచర్లతో మొదలుపెడతాను. ఇన్‌ఫెక్ట్ ఉన్నవి మూడు రకాలు, ఒక్కొక్కటి నాలుగేసి: గ్లిసెనర్ ఎల్ఫ్, బ్లైటెడ్ ఏజెంట్, ఇంక్‌మాత్ నెక్సస్. ఎల్ఫ్‌కు ఒక్క మానాయే, కాని ఎవరైనా అడ్డు పెట్టవచ్చు. అందువల్ల అది మొదటి వంతులో ఎంత విలువైనదో ఐదో వంతులో అంత పేలవమైనది. ఏజెంట్‌కు రెండు మానాలు కావాలి, కాని దాన్ని అడ్డుకోవడం ఎవరి తరమూ కాదు. ఇంక్‌మాత్ నెక్సస్ అసలు ల్యాండ్; ఒక మానా ఇస్తే ఆ వంతుకు ఎగిరే 1/1 ఇన్‌ఫెక్ట్ క్రీచర్ అవుతుంది. ప్రత్యర్థి వంతులో అది క్రీచర్ కానే కాదు కాబట్టి, మెయిన్ ఫేజ్‌లో మాత్రమే వేయగలిగే రిమూవల్, బల్లమీది క్రీచర్లన్నిటినీ ఊడ్చేసే స్పెల్స్, లిలియానా ఆఫ్ ది వెయిల్ వంటి కార్డులు బలవంతంగా చేయించే బలి, ఇవేవీ దాన్ని తాకవు. మూడింటిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా ఆధారపడేది ఈ ల్యాండ్ మీదే. నాలుగో క్రీచర్ నోబుల్ హైరార్క్‌కు ఇన్‌ఫెక్ట్ లేదు. అది మానా ఇస్తుంది, ఒంటరిగా దాడి చేసే క్రీచర్‌కు ఎగ్జాల్టెడ్ గుణంతో +1/+1 కూడా ఇస్తుంది. బలి ఇవ్వవలసి వస్తే ముందు నిలబడేది కూడా అదే.

అరవై కార్డుల్లో విషం మూలాలు 12 అన్నమాట. మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి ఉండే అవకాశం దాదాపు 81 శాతం. ప్రతి ఐదు చేతుల్లో ఒకటి విషం లేని చేయి. ఈ లెక్క చూసి చాలామంది భయపడి ఇకోర్‌క్లా మిర్ వంటి మరో నాలుగు క్రీచర్లను చేరుస్తారు. అప్పుడు అవకాశం 90 శాతానికి చేరుతుంది. నేను చేర్చను. ఎందుకంటే ఆ నాలుగు కార్డులూ క్రీచర్ బలాన్ని పెంచే పంప్ స్పెల్స్ స్థానంలో వస్తాయి, పైగా అవి ఏజెంట్ కన్నా, నెక్సస్ కన్నా తక్కువ రకం. విషం లేని చేతిని వెనక్కి ఇచ్చి మళ్లీ ఏడు తీసుకోవడమే నయం. 2019 నుంచి అమల్లో ఉన్న లండన్ మలిగన్ పద్ధతిలో ఏడు కార్డులూ చూసి, వాటిలో అక్కరలేని ఒకదాన్ని డెక్ అడుగున పెడతాం కాబట్టి, రెండు చేతుల్లోనూ కలిపి విషం కనబడే అవకాశం 96 శాతం దాటుతుంది. పదమూడు ముక్కల రమ్మీలో ఒరిజినల్ సీక్వెన్స్‌కు ఆశ లేని చేతిని మొదట్లోనే డ్రాప్ చేసేవారికీ, చివరిదాకా లాక్కొచ్చి కౌంట్ ఇచ్చుకునేవారికీ తేడా తెలిసినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఐదు పంప్ స్పెల్స్, రెండు ల్యాండ్‌లు ఉన్న చేయి చూడ ముచ్చటగా ఉంటుంది, దాన్ని ఉంచుకోకూడదు.

ఇక పంప్ స్పెల్స్. ఇక్కడే నా పక్షపాతం బయటపడుతుంది. ప్రతి స్పెల్‌నూ ఎన్ని విషపు కౌంటర్లు ఇస్తుందో మాత్రమే చూసి కాక, ఎప్పుడు వేయనిస్తుందో చూసి కూడా ఎంచుకుంటాను. మైట్ ఆఫ్ ఓల్డ్ క్రోసా ఒక్క మానాకు నాలుగు ఇస్తుంది, కాని మన మెయిన్ ఫేజ్‌లో వేస్తేనే. దాడి మధ్యలో వేస్తే రెండే. అంటే ప్రత్యర్థి అడ్డు పెట్టే నిర్ణయం తీసుకునే ముందే మన ఉద్దేశం బయటపడుతుంది. ఏజెంట్ మీద వేసినప్పుడు ఈ లోపం లెక్కలోకి రాదు, ఎల్ఫ్ మీద వేసినప్పుడు వస్తుంది. గ్రౌండ్‌స్వెల్‌కు ఆ వంతులో ల్యాండ్ దిగి ఉండాలి. అందుకని మిస్టీ రెయిన్‌ఫారెస్ట్ వంటి ఫెచ్ ల్యాండ్‌ను వెంటనే వాడకుండా బల్లమీద అలాగే ఉంచుకుంటే, ప్రత్యర్థి వంతులో కూడా దాన్ని వాడి మరో ల్యాండ్‌ను దించి, +4/+4తో మన క్రీచర్‌ను బోల్ట్ నుంచి కాపాడుకోవచ్చు. మ్యూటజెనిక్ గ్రోత్ మానా లేకుండా వస్తుంది, కాని ఇచ్చేది రెండే. ఒంటరిగా వేస్తే 1/1ను 3/3 చేస్తుంది, బోల్ట్ దెబ్బ మూడు కాబట్టి క్రీచర్ అయినా చచ్చిపోతుంది. ఈ సంగతి మరచిపోయి రెండు ప్రాణాలూ క్రీచరూ కలిపి పోగొట్టుకునేవారిని తరచుగా చూస్తుంటాను. బికమ్ ఇమెన్స్ ఆరు ఇస్తుంది, ఖరీదు ఏడు మానాలు. గ్రేవ్‌యార్డ్‌లోని (వాడేసిన కార్డుల కుప్పలోని) ఒక్కొక్క కార్డును తీసేసినకొద్దీ ఒక్కొక్క మానా తగ్గుతుంది. ప్రోబ్ ఉన్న రోజుల్లో గ్రేవ్‌యార్డ్ త్వరగా నిండేది. ఇప్పుడు రెండుకు మించి పెడితే రెండూ ఒకేసారి చేతిలో చిక్కుకుపోతాయి.

వైన్స్ ఆఫ్ వాస్ట్‌వుడ్, బ్లాసమింగ్ డిఫెన్స్ అన్నవి ఈ డెక్‌కు వెన్నెముక. వీటిని రక్షణ కార్డులుగా లెక్కపెట్టి, పంప్ స్పెల్స్ వేరు, ఇవి వేరు అనుకునేవారితో నేను ఏకీభవించను. ఒక ఆకుపచ్చ మానాతో వైన్స్ వేస్తే ఆ వంతంతా ప్రత్యర్థి స్పెల్స్ గాని, ఎబిలిటీలు గాని ఆ క్రీచర్‌ను గురిపెట్టలేవు. ఇంకొక ఆకుపచ్చ మానా కలిపి వేస్తే దానికి +4/+4 కూడా తోడవుతుంది. డిఫెన్స్ ఒక్క మానాకే +2/+2తో పాటు, ప్రత్యర్థిని గురిపెట్టనివ్వని హెక్స్‌ప్రూఫ్ ఇస్తుంది. ఒక నిజమైన వరుస చెబుతాను. మొదటి వంతులో హైరార్క్. రెండో వంతులో మూడు మానాలున్నాయి; ఏజెంట్‌ను దించి, మిగిలిన ఒక్క మానాను వైన్స్ కోసం తెరిచి ఉంచుతాం. మూడో వంతులో నాలుగు మానాలు: ముందుగా మైట్. ప్రత్యర్థి ఊరుకుంటే దాడికి పంపి, దాడిలోనే రెండు మానాల వైన్స్ వేస్తాం. ప్రత్యర్థి ఊరుకోక మైట్‌కు జవాబుగా ఫేటల్ పుష్ వేస్తే, దానికి జవాబుగా అదే వైన్స్‌ను ముందుగా వేస్తాం. పుష్ గురి తప్పుతుంది, బలం మాత్రం మిగులుతుంది. ఏజెంట్ ఒకటి, ఎగ్జాల్టెడ్ ఒకటి, మైట్ నాలుగు, వైన్స్ నాలుగు. పది. ఇంకా ఒక మానా చేతిలో ఉంది, ప్రత్యర్థి స్పెల్‌ను ఆపే స్పెల్ పియర్స్‌కో మరో డిఫెన్స్‌కో. రెండో వంతు విజయం కన్నా నాకు ఈ మూడో వంతు విజయమే అందంగా కనిపిస్తుంది, ఎందుకంటే ప్రత్యర్థి సరైన కార్డుతో సరైన సమయంలో బదులిచ్చినా ఇది జరుగుతుంది.

వైన్స్‌లో ఇంకొక మెలిక ఉంది. దాన్ని ప్రత్యర్థి క్రీచర్ మీద కూడా వేయవచ్చు. కార్డు మీది మాట ప్రకారం మన ప్రత్యర్థులు ఆ క్రీచర్‌ను గురిపెట్టలేరు, కాబట్టి ఎదుటివారు తమ సొంత క్రీచర్ మీద వేసుకున్న స్పెల్ వ్యర్థమైపోతుంది. ఎదుట మరొక ఇన్‌ఫెక్ట్ డెక్ ఉన్నప్పుడు ఇది ఆటనే తిప్పేస్తుంది.

పెండెల్‌హేవెన్ అనే లెజెండ్స్ నాటి ల్యాండ్ గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే ఈ డెక్‌తో ఓడిపోయే ఆటల్లో కొన్నింటికి దీన్ని వాడే క్రమమే కారణం. అది సరిగ్గా 1/1గా ఉన్న క్రీచర్‌కు +1/+2 ఇస్తుంది. మన ప్రధాన క్రీచర్లన్నీ 1/1లే కాబట్టి ప్రతి వంతులోనూ ఒక అదనపు విషపు కౌంటర్ ఉచితంగా వచ్చినట్టే. అయితే హైరార్క్ బల్లమీద ఉంటే, దాడి ప్రకటించగానే ఎగ్జాల్టెడ్ ఫలించి ఎల్ఫ్ 2/2 అవుతుంది. ఆ తర్వాత పెండెల్‌హేవెన్ దాన్ని గురిపెట్టలేదు. కాబట్టి ఎగ్జాల్టెడ్ ఇంకా ఫలించకముందే, దానికి జవాబుగా పెండెల్‌హేవెన్‌ను వాడుకోవాలి. బోల్ట్ విషయంలోనూ క్రమమే ముఖ్యం: ముందు పెండెల్‌హేవెన్‌తో 2/3 చేసి, అది ఫలించాక మ్యూటజెనిక్ గ్రోత్ వేస్తే 4/5 అవుతుంది, బోల్ట్ తట్టుకుంటుంది. గ్రోత్ ముందు వేస్తే పెండెల్‌హేవెన్ మూలనపడినట్టే.

పూర్తి కూర్పు ఇలా ఉంటుంది. ల్యాండ్‌లు 20: ఇంక్‌మాత్ నెక్సస్ నాలుగు, పెండెల్‌హేవెన్ రెండు, ఆకుపచ్చ ఫెచ్ ల్యాండ్‌లు ఎనిమిది, బ్రీడింగ్ పూల్ మూడు, ఫారెస్ట్ మూడు. నెక్సస్ రంగులేని మానా ఇస్తుంది కాబట్టి ఆకుపచ్చ ఇచ్చేవి 16. మొదటి ఏడు కార్డుల్లో వాటిలో ఒకటైనా ఉండే అవకాశం 90 శాతం. ఎల్ఫ్, ఏజెంట్, హైరార్క్ నాలుగేసి. మైట్, గ్రోత్, వైన్స్, డిఫెన్స్ నాలుగేసి, గ్రౌండ్‌స్వెల్ మూడు, బికమ్ ఇమెన్స్ రెండు, స్పెల్ పియర్స్ మూడు, డిస్టార్షన్ స్ట్రైక్ రెండు, క్రీచర్లను తొలగించే డిస్మెంబర్ రెండు. డిస్టార్షన్ స్ట్రైక్ ఎల్ఫ్‌ను ఎవరూ అడ్డుకోలేనిదిగా చేసి, రీబౌండ్ వల్ల తర్వాతి వంతులో మళ్లీ తనంతట తానే పనిచేస్తుంది. ఐదో వంతులోని పేలవమైన ఎల్ఫ్‌కు అదొక్కటే దిక్కు. ఒక హెచ్చరిక: ఫెచ్ ల్యాండ్‌లకు ఒకటి, బ్రీడింగ్ పూల్‌కు రెండు, గ్రోత్‌కు రెండు, డిస్మెంబర్‌కు నాలుగు చొప్పున మన ప్రాణాన్ని మనమే ఖర్చు చేసుకుంటాం. నేరుగా ప్రాణాన్ని కాల్చే బర్న్ డెక్ ఎదురైనప్పుడు ఈ పద్దు రాసుకుంటూ ఆడాలి.

ఆడే తీరు కూర్పులో భాగమే కాబట్టి ఇక్కడ చెప్పడం తప్పదు. విషపు కౌంటర్లు ఒకసారి చేరితే సాధారణంగా పోవు. మొదటి రెండు దాడుల్లో ఒట్టి ఎల్ఫ్‌తో రెండు కౌంటర్లు పెడితే ఆ తర్వాత కావలసింది ఎనిమిదే. రెండు పెద్ద స్పెల్స్‌తో సరిపోతుంది. ప్రత్యర్థి మానా అంతా వాడేసుకున్న వంతులో తెగించాలి, ఒక్క మానా తెరిచి ఉన్నా చేతిలో వైన్స్ ఉందో లేదో చూసుకోవాలి. అలా ఎదురుచూస్తున్నప్పుడు ప్రత్యర్థి ప్రతి వంతులోనూ ఒక మానాను మన కోసం అట్టిపెట్టుకుంటాడు, తన పని తాను చేసుకోలేడు. దాడి చేయకుండా దాడి చేస్తామేమోనన్న భయంతోనే సగం ఆట నడపడం అగ్రో-కాంబోలో నాకు నచ్చే గుణం. ఈ డెక్‌తో ఎక్కువ పేరు తెచ్చుకున్న అమెరికన్ ఆటగాడు టామ్ రాస్ ఆటలు చూస్తే, ఎప్పుడు ఆగాడన్నదే ఎక్కువ నేర్పుతుంది.

సైడ్‌బోర్డ్‌లో (ఆటల మధ్య మార్చుకునే అదనపు కార్డుల్లో) నేచర్స్ క్లెయిమ్‌కు సాటి లేదు. ఒక్క మానాతో ఆర్టిఫ్యాక్ట్‌నో ఎన్‌చాంట్‌మెంట్‌నో పడగొడుతుంది, దాని యజమానికి నాలుగు ప్రాణాలిస్తుంది. ఆ నాలుగుతో మనకు పనేముంది? ఎవరికీ కౌంటర్లు చేరనివ్వని సోలెమ్నిటీ వంటి ఎన్‌చాంట్‌మెంట్‌కు ఇదే మందు. ప్రత్యర్థికి విషం ఎక్కనివ్వని మెలీరా, సిల్వోక్ అవుట్‌కాస్ట్ అనే క్రీచర్ దిగితే డిస్మెంబర్ కావాలి. రిమూవల్ నిండిన నలుపు డెక్‌ల మీద షేపర్స్ శాంక్చువరీ బాగుంటుంది. మన క్రీచర్‌ను గురిపెట్టిన ప్రతిసారీ మనకొక కార్డు వస్తుంది. ఇవన్నీ ఉన్నా ఒకటి ఒప్పుకోవాలి: ఒక దెబ్బ చొప్పున గిల్లే ఆర్కిష్ బోమాస్టర్స్, రెన్ అండ్ సిక్స్ వంటి కార్డులు పెరిగిన నేటి మోడర్న్‌లో 1/1లను నమ్ముకున్న ఈ డెక్ మొదటి వరుసలో లేదు.

ఖర్చు చూసి వెనకాడేవారికి పాపర్ ఫార్మాట్ ఉంది. అందులో కామన్‌గా (అతి సాధారణంగా దొరికే రకంగా) ముద్రించిన కార్డులే చెల్లుతాయి. ఎల్ఫ్, ఏజెంట్ రెండూ కామన్లే కాబట్టి డెక్ ప్రాణం చెక్కుచెదరదు. పోయేవి నెక్సస్, హైరార్క్. ప్రత్యర్థికి మూడు ప్రాణాలిచ్చి మానా లేకుండా +4/+4 పొందే ఇన్విగరేట్‌ను మాత్రం అక్కడ 2013లోనే నిషేధించారు. ఇన్‌ఫెక్ట్‌కు ఆ మూడు ప్రాణాలు ధరే కావని వేరే చెప్పాలా.

ఇప్పుడు నా ముందున్న ప్రశ్న స్కేల్ అప్. 2019లో మోడర్న్ హొరైజన్స్‌తో వచ్చిన ఈ ఒక్క మానా కార్డు క్రీచర్‌ను ఆ వంతుకు 6/4 చేస్తుంది; పైన మైట్ వేస్తే 10. ఆరు కార్డులు కావలసిన రెండో వంతు విజయానికి ఇప్పుడు ఎల్ఫ్, రెండు ల్యాండ్‌లు, రెండు స్పెల్స్, ఐదే చాలు. కాని అది సోర్సరీ. దాడి మధ్యలో వేయలేం, రిమూవల్‌కు జవాబుగా వేయలేం, ఒకసారి 6/4 అయిన క్రీచర్‌ను పెండెల్‌హేవెన్ ముట్టుకోదు. రెండు స్కేల్ అప్‌లు ఒకే క్రీచర్ మీద వేసినా ఆరు ఆరే, పన్నెండు కాదు. అందుకని గ్రౌండ్‌స్వెల్ మూడింటిలో ఒకటి తీసి ఒకే ఒక్క స్కేల్ అప్ పెట్టాను. రిమూవల్ తక్కువగా ఉన్న డెక్ మీద అది ఉంటుంది. నలుపు డెక్ ఎదురైతే రెండో ఆటకు సైడ్‌బోర్డ్ తెరవగానే ముందుగా బయటికి వెళ్లేది అదే, దాని స్థానంలో శాంక్చువరీ లోపలికి వస్తుంది.